శాలువా మీది నాలుగు వేళ్లు

ఫోటోలు బాగుచేసే టచప్ అక్క పొద్దున్నే తన కొట్టు షట్టరెత్తి, కంప్యూటర్ ఆన్ చేసి, అది తెరుచుకునేలోపు టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కూడా కడిగేస్తుంది. అంత నిదానం ఆ యంత్రం. అందులోని ఫోటో ఎడిటర్ ఉచితంగా దొరికేది, ఎవరో పుణ్యాత్ములు తీరిక వేళల్లో రాసి లోకానికి వదిలేసింది. ఉచితం కదా అని అది పని ఎగ్గొట్టే రకం కాదు, ఏం చెప్పినా చేస్తుంది. కాకపోతే ప్రతిదీ చెప్పాలి.

సందు చివర పెద్ద స్టూడియో సంగతి వేరు. అక్కడ నెలనెలా చందా కట్టే ఎడిటర్ ఉంది. మనిషిని చూపించి మీట నొక్కితే మనిషి మాయం, వెనక గోడ దానంతటదే అతుక్కుంటుంది. టచప్ అక్క దాన్ని ఏనాడూ తీసిపారెయ్యలేదు. ఎనిమిది వందల పెళ్లి ఫోటోలు రెండ్రోజుల్లో ఇవ్వాలంటే అదే దిక్కు. తన డొక్కు యంత్రాన్ని నమ్ముకుంటే ఆ జంటకి పిల్లలు పుట్టాక గాని ఆల్బమ్ చేతికి రాదని నవ్వుతూ చెప్పి, తనే అటు పంపేది.

పాత ఫోటోలు మాత్రం అందరూ ఆమెకే తెచ్చిచ్చేవాళ్లు. ఎక్కువసేపు పని జరిగితే ఫోటోలో మనుషులు కదులుతారు కదా. పెద్ద స్టూడియోలో వాళ్లకి రెప్ప వేసే వ్యవధి కూడా ఉండదు, తమకేం జరిగిందో ఇంటికెళ్లాక గాని తెలియదు. ఇక్కడ గంటలు గంటలు పడుతుంది గనక తాపీగా ఒళ్లు విరుచుకుంటారు, పక్కవాళ్ల కాలరు సర్దుతారు, విసుగొస్తే కూలబడతారు. మాట మాత్రం ఉండదు. "మా మావయ్యకి తుమ్ములెక్కువ, ముక్కు దగ్గర కాస్త చూసుకుని పనిచెయ్యమ్మా" అని అప్పగింతలు పెట్టి వెళ్లేవాళ్లు.

ఒక మంగళవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫారంలోనే ఒక నర్సు వచ్చింది. ఫ్రేము కట్టిన తల్లి ఫోటో బల్ల మీద పెట్టి, కళ్లు తిన్నగా చెయ్యాలంది. తల్లి పోయి ఏడు నెలలు. ఆవిడ పోయే ముందు పండక్కి ఇంటిల్లిపాదీ దిగిన ఫోటోలోంచి తల్లి ఒక్కదాన్నే పెద్ద స్టూడియోలో విడదీయించింది. భుజం మీద తమ్ముడి చెయ్యి ఉంటే ఆ నాలుగు వేళ్లూ చెరిపించింది. పని నున్నగా వచ్చింది, శాలువా చారల్లో ఎక్కడా తేడా లేదు. కానీ గోడకి తగిలించిన మర్నాడే తల్లి చూపు పక్కకి తిరిగింది. స్టూడియో వాళ్లు రెండుసార్లు సరిచేసిచ్చారు. రెండుసార్లూ తెల్లారేసరికి మళ్లీ అటే.

"పొద్దున లేచి అటు చూస్తే నన్ను చూడదండీ," అంది నర్సు. "నా ఇంట్లో నేనే ఏదో తప్పు చేసినదాన్లా తిరుగుతున్నా."

టచప్ అక్క అసలు ఫోటో అడిగింది. నర్సు సంచిలోంచి తీసి, తమ్ముడి మొహం మీద బొటనవేలు అడ్డం పెట్టి మరీ ఇచ్చింది.

తమ్ముడేం చేశాడని టచప్ అక్క అడగలేదు. స్కానర్ గుర్రుమంటున్నంతసేపూ నర్సే చెప్పుకొచ్చింది. తల్లీ, బస్సు డ్రైవరు తమ్ముడూ ఒకింట్లో ఉండేవాళ్లు. తల్లికి జబ్బు ముదిరిన సంగతి ఆవిడ పోవడానికి ఐదు నెలల ముందే వాడికి తెలుసు. అక్కకి చెప్పలేదు. ఊళ్లో అందరికీ మందులిచ్చే తనకి, కన్నతల్లికి ఒక్క మాత్ర ఇచ్చే అవకాశం లేకుండా చేశాడు. ఎందుకని అడిగితే నేల చూపులు చూశాడు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉన్న డిపోకి బదిలీ పెట్టుకున్నాడట. పోతే పోనీ, పీడా విరగడవుతుందని అంది.

చెరిపే పని మొదటినుంచీ తనే చేసి చూద్దామని టచప్ అక్క ఫోటోని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, తెర నిండా ఒక్క వేలే కనిపించేలా పెట్టుకుంది. ఆమె దగ్గర మాయం చేసే మీట లేదు. పక్కనున్న శాలువా పోగుని తెచ్చి వేలి మీద అద్దాలి, ఆ తర్వాత ఇంకో పోగు. చిటికెన వేలికే అరగంట పట్టింది. ఉంగరపు వేలు సగంలో ఉండగా, ఎలా వస్తోందో చూద్దామని ఫోటో మొత్తం తెర మీదికి తెస్తే, తల్లి కాస్త ఒరిగి ఉంది.

టచప్ అక్క ఆ వేలు వెనక్కి తెచ్చింది. తల్లి నిలబడింది. మళ్లీ చెరిపింది. మళ్లీ ఒరిగింది, ఈసారి మోకాళ్లు కూడా వంగాయి.

"ఇది ఊరికే వేసిన చెయ్యి కాదమ్మా," అంది. "ఆవిడ బరువంతా దీని మీదే ఉంది."

నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుని తెరలోకి వంగింది. రోజూ రోగుల్ని లేపి నిలబెట్టే మనిషికి ఆ పట్టు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. భుజాన నాలుగు వేళ్లు, వీపు వెనక మోచెయ్యి, తుంటికి తుంటి ఆనింపు. తండ్రి బతికుండగా ఆయనకి కాలు విరిగినప్పుడు తమ్ముడికి అలా పట్టుకోవడం నేర్పింది తనేనని చెప్పింది. "నేను ఆ పక్కనే ఉన్నా. పళ్లికిలిస్తూ నిలబడ్డా చూడండి," అంది తనని తను తిట్టుకుంటూ. తర్వాత, చెరిపిందంతా మళ్లీ తెచ్చెయ్యమంది.

టచప్ అక్క ఒక్కో మెట్టే వెనక్కి వెళ్లింది. ఆ యంత్రానికి అదీ నిదానమే. చెరిపిన వేళ్లు తిరిగొచ్చాక తల్లి నిటారుగా నిలబడి, ఫోటోలో పక్కనున్న కూతురు చూడట్లేదు కదా అని ఓరగా చూసుకుని, కొడుకు పెదాల మీద వేలు పెట్టింది. వాడు తలూపాడు. ఆ వెంటనే ఇద్దరూ ఏమీ ఎరగనట్టు ముందుకి తిరిగారు. ఇప్పుడు తల్లి చూపు తిన్నగా నర్సు మీదే ఉంది.

ఎవరో పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చి, లోపలి వాతావరణం చూసి మెల్లిగా వెళ్లిపోయారు. నర్సు కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. చిన్న కొట్టు కావడంతో, వద్దనుకున్నా టచప్ అక్కకి అవతలి గొంతు వినిపించింది.

"చెప్పొద్దన్నది అమ్మేనా?" అంది నర్సు, పలకరింపైనా లేకుండా.

బస్సుల హోరు మధ్యలోంచి తమ్ముడి జవాబొచ్చింది. "నువ్వు ఆస్పత్రిలో పెట్టేస్తావని భయపడిందక్కా. తన మంచం మీదే పోతానంది. ఒట్టేయించుకుంది."

"పోయాకైనా నోరు విప్పొచ్చుగా. నాచేత అన్నేసి మాటలు పడ్డావు."

"తెలిస్తే అమ్మ మీద కోపం పెట్టుకుంటావు. నా మీదైతే ఫర్వాలేదులే అనుకున్నా."

నర్సు అరచేత్తో నోరు మూసుకుంది. ఆమెకి ఏడుపాగలేదు, టచప్ అక్కకీ ఆగలేదు. కొంచెం తేరుకుని నర్సు, ఎక్కడున్నావని అడిగింది. డిపో ఆఫీసులో ఉన్నానని, బదిలీ కాగితం మీద సంతకం పెట్టాలని, ఉన్న పెన్ను రాయకపోతే గుమస్తాని ఇంకోటి అడుగుతున్నానని వాడు చెప్పాడు.

"అడక్కు," అంది నర్సు. "ముందింటికి రా."