మేకు దిగని గోడ

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో రత్తయ్య శెట్టి పొద్దున్నే అంగడి తలుపు తీయగానే గోడకు అరచెయ్యి ఆనించి చూసేవాడు. సాంబ్రాణి పొగ, దేవుడి పటానికి దండం ఆ తర్వాతే. వాళ్ల నాయన కట్టించిన గోడ అది. ఇటు బియ్యం బస్తాల అంగడి, అటు సారా, ఆమె మొగుడు, అత్త అద్దెకుండే ఇంటి వంటగది. ఎండాకాలంలో గోడకు జ్వరం వచ్చేది. శెట్టి తడిగుడ్డ కప్పి, మిరియాల కషాయం కాచి గోడ మొదట్లో పోసేవాడు. ఆ సందులో ఎవరికీ అదేం వింత కాదు. మందుల షాపతను కూడా "మీకా, గోడకా?" అని అడిగి మరీ మాత్రలిచ్చేవాడు.

ఏ పని తలపెట్టినా శెట్టి ఆ గోడనే అడిగేవాడు. చెయ్యి ఆనించి అడిగితే చల్లబడిందా, సరేనని. వేడెక్కిందా, వద్దని. కూతురి సంబంధం కూడా అట్లా కుదిర్చిందే. అంతటి గోడకు మేకు దించడమా, ఆ మాటెత్తితేనే ఒప్పుకోడు. సారా వాళ్ల బైబిలు వాక్యాల క్యాలెండరు అద్దెకు దిగినప్పట్నుంచీ నేలమీదే గోడకు ఆనుకొని ఉండాది. తారీఖు చూడాలంటే సారా అత్త శీనమ్మ నడుం పట్టుకొని చతికిలబడాల్సిందే, ఆమె తిట్లు శెట్టికి వినబడాల్సిందే.

సారా కేకులు చేసి అమ్మేది. సంగం నుంచి కొండాపురం దాకా చర్చి వాళ్ల పెళ్లయినా, పండగైనా సారా కేకే. పాత చిన్న ఓవెన్ కాలిపోతే నెల్లూరు నుంచి పెద్దది తెప్పించుకుంది. మొగుడు సురేంద్రబాబు తను కండక్టరుగా పోయే బస్సు మీదే దాన్ని కట్టుకొని తెచ్చాడు. తీరా చూస్తే ప్లగ్గు పిన్నులు లావు, గోడలో సాకెట్టు బొక్కలు సన్నం. ఇట్లాంటప్పుడు మన ఊళ్లల్లో ఏం చేస్తారో వేరే చెప్పాలా? ప్లగ్గు కోసేస్తారు, రెండు తీగలు బొక్కల్లో దోపి అగ్గిపుల్లలతో బిగిస్తారు, ఎర్తు తీగను మెడ విరిచి పక్కన పడేస్తారు. సారా కూడా అదే చేసింది.

మొదటి కేకు పొంగకముందే గోడ మూలిగింది. సున్నం మీద చెమట బొట్లు లేచినాయి. చెయ్యి పెడితే పెనమే. సారా ఒక్క గెంతులో పోయి ఫ్యూజు పీకేసింది.

కరెంటు పనిచేసే కోటేశ్వర్ వచ్చి చూశాడు. గోడ కట్టినప్పుడు లోపల వేసింది రెండు లైట్లకు సరిపోయే సన్న తీగంట, ఈ ఓవెన్ లాగే కరెంటును అది మోయలేదంట. శెట్టి అంగట్లో ఉన్న మీటరు నుంచి లావు రాగి తీగతో ఓవెన్‌కు వేరే లైను తీయాలి, కరెంటు ఎక్కువ లాగితే తనంతట తనే ఆగిపోయే ఎంసీబీ స్విచ్చి దానికొకటి పెట్టాలి, ఎర్తు ఇయ్యాలి. ఏదెట్లా చేసినా గోడకు గాడి కొట్టక తప్పదన్నాడు.

శెట్టి అగ్గయిపోయాడు. "మా నాయన ఒంటిమీద ఉలి పెట్టినట్టే గదరా అది! కేకు చేసేటప్పుడు తడిగుడ్డ మారుస్తా ఉండండి, కషాయం నేను పోస్తాను. ఇన్నాళ్లూ బతికింది గదా."

"కడుపులో తీగె కాలతా ఉంటే పైన తడిగుడ్డేస్తే ఏమొస్తాది శెట్టిగారా?" అంది సారా.

అయితే ఓవెన్ అమ్ముకో, లేదంటే క్రిస్మస్‌లోపు ఇల్లు ఖాళీ చెయ్ అని తేల్చేశాడు శెట్టి. సురేంద్రబాబు సర్దుకుపొమ్మన్నాడు. పాత పద్ధతిలోనే అగ్గిపుల్లలు పెట్టుకొని పండగ దాటించమని చర్చి పెద్దలూ చెప్పి చూశారు. సారాకు ఒళ్లు మండింది. ఎవరి మాటా చెవిన పెట్టలేదు. లైను రానిదే కేకు లేదని ఆర్డరిచ్చిన వాళ్లందరికీ ముఖానే చెప్పేసింది. కొందరు వేరే చోటికి పోయారు. పోనీ అనుకుంది గానీ, తన సొంత సంపాదనంటూ ఆమెకు ఉండేది ఆ చేతి పనొక్కటే.

అయినా గడ్డపార తీసుకొని పెరట్లో ఎర్తు గుంత తనే తవ్వింది. బొగ్గులు, ఉప్పు పోసి నీళ్లు పట్టింది. రాగి తీగ చుట్ట తెచ్చి ఓవెన్ మీద పెట్టింది. ఫ్యూజు మాత్రం పెట్టలేదు. వంటింట్లో లాంతరు వెలుగులో అన్నం వండుకుంటా, గోడకు పొద్దూ మాపూ తడిగుడ్డ మార్చింది. మెల్లిగా జ్వరం దిగింది.

పండగ ముందు శెట్టి ఇల్లు చూపించేదానికి, అద్దెకు దిగబోయే కొత్త మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. సారా గోడకు వీపానించి కూర్చొని ఉండాది, కొంగు నడుముకు చెక్కి.

"ఇల్లు ఖాళీ చెయ్యను. ఓవెన్ అమ్మను. ఆ అగ్గిపుల్లలు మళ్లీ ముట్టుకోను. ఏం జేస్తారో చెయ్యండి."

"నాతో ఎందుకు, గోడనే అడుగుదాం" అన్నాడు శెట్టి. అది వేడెక్కుతుందని ఆయనకు గట్టి ధైర్యం. అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకొని, "నాయనా, నీమీద ఉలి పెట్టనియ్యమంటావా?" అని అడిగాడు.

గోడ వేడెక్కలేదు, చల్లబడనూ లేదు. అటు అంగట్లో మీటరు దగ్గర చిన్నగా పటుక్కుమనింది. అక్కడ మొదలైన పగులు గోడ దాటి, శెట్టి వేళ్ల పక్కగా, నూలు పట్టి గీసినట్టు ఓవెన్ దాకా వచ్చి ఆగింది. సరిగ్గా తీగ పోయే పైపు పట్టేంత గాడి. లోపల పాత తీగ మాడిన అప్పడం మాదిరి నల్లగా ఉండాది.

శెట్టి దాన్ని వేలితో తాకి చూసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. "ఇంత మంట కడుపులో పెట్టుకొని నాకు చెప్పనే లేదే" అన్నాడు. ఇల్లు చూడ్డానికి వచ్చినాయన చెప్పులేసుకొని ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు.

కోటేశ్వర్ వచ్చి లైను లాగుతుంటే తీగ రెండో కొస శెట్టే పట్టుకున్నాడు. సాయంత్రానికి లావు సాకెట్టు బిగిసింది, ఎర్తు గుంతకు తీగ చేరింది, గాడి తనంతట తనే పూడుకుంది. సారా స్విచ్చి వేసింది. కేకు పొంగింది. శెట్టి గోడకు చెయ్యి ఆనించి చూశాడు. కుండలో నీళ్లంత చల్లగా ఉండాది.

"ఇంక ఉండమ్మా. నేను చెప్పేదేం లేదు" అన్నాడు.

"ఇంకొకటి ఉండాది" అంటా సారా నేలమీది క్యాలెండరు తీసింది, అత్త కళ్లకు అందే ఎత్తు చూసుకుంది, మేకు మొన గోడకు ఆనించింది.

సుత్తితో పని పడలేదు.