మాటు వేసిన నీళ్ల సీసా

ఆ ఏడు చెరకు విరగపండింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస ఎంత పొడుగంటే, ముందు బండి గేటు దాటేసరికి వెనక బండికి కట్టిన కోడెలు ముసలివైపోయేవి. ఆ వరుసలోనే కొందరు బండ్లవాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారని నేను అందరికీ చెప్పేవాణ్ని. నమ్మినవాళ్లు కూడా ఉన్నారు.

ఒకరోజు పొద్దున ఆ వరుస పక్కనుంచి ఒక మిలిటరీ మనిషి కిరాయి సైకిల్ తొక్కుకుంటూ మా వాడకు వచ్చాడు. మీసాలు బట్టలారేసుకునే దండెమంత నిటారుగా ఉన్నాయి. రెండు ధోవతులు ఆరేసినా వంగేవి కావు.

"లింగవ్వ ఇల్లెక్కడ? సిపాయి హన్మండ్లు తల్లి," అని నన్నే అడిగాడు.

ఇంకో పేరు చెప్పి ఉంటే ఎక్కడో ఉన్న వర్ని ఊరి దాకా తప్పుదారి పట్టించేవాణ్ని. ఈ పేరు వినగానే మారుమాట్లాడకుండా ముందు నడిచాను.

హన్మండ్లూ నేనూ ఒక ఈడు. వరుసలో ఆగిన బండ్లవాళ్లు మధ్యాహ్నం చెరకు మీదే కునుకు తీసేవాళ్లు. మేము చప్పుడు కాకుండా బండిని వచ్చిన దిక్కుకే తిప్పి కోడెలను అదిలించేవాళ్లం. నిద్రలేచేసరికి బండివాడు వాళ్ల ఊళ్లో సొంత వాకిట్లో ఉండేవాడు. పెళ్లాం అన్నం కూడా వడ్డించేది. ఆ పనికి ఇద్దరు కావాలి, ఒకడు కాడి పట్టాలి, ఒకడు చక్రం తొయ్యాలి. అరవై ఐదులో పాకిస్తాన్‌తో జరిగిన లడాయిలో హన్మండ్లు చనిపోయాడు. అప్పట్నుంచి నాలుగేళ్లుగా బండ్లన్నీ బుద్ధిగా ఫ్యాక్టరీకే చేరుతున్నాయి.

లింగవ్వ వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది. వచ్చినాయన బూట్లు టక్కుమనిపించి సలాం కొట్టాడు.

"అవ్వా, నేను సుబేదార్ బాపురావును. దెగ్లూర్ దిక్కోణ్ణి. నీ కొడుకు పల్టనే నాది. ఇప్పుడు మా పల్టన్ చరిత్ర జమచేసే పని నాకిచ్చిండ్రు."

"చరిత్ర అంటే ఏంది బిడ్డా?"

"యాడ లడాయి చేసినం, ఎట్ల గెలిచినం, గదంత. పల్టన్ల ఏ రోజుకారోజు డైరీ రాస్తరు. అండ్లకెళ్లి పుస్తకం తయారైతది. మల్ల ఒక పెద్ద అర్రనిండ గాజుపెట్టెలు పెట్టిండ్రు. పాత జెండాలు, కప్పులు, కర్నల్ సాబుల కత్తులు, అన్ని అండ్లున్నయి."

లింగవ్వ చేతిలో కంకి అలాగే ఉండిపోయింది. "మా హన్మండ్లు పేరున్నదా ఆ డైరీల?"

సుబేదార్ తలపాగా సర్దుకున్నాడు. "మా డైరీల ఆఫీసర్లకైతేనే పేర్లవ్వా. సిపాయిలు పోతే ఇంతమంది అని రాసిండ్రు."

"ఇంతమంది అంటే అండ్ల నా కొడుకెవడు?"

ఆయన వంగి, బూటు పక్కన పడిన మక్కగింజ ఒకటి ఏరాడు. కోడి వస్తే దానికి వేశాడు.

"గందుకే వచ్చిన," అన్నాడు. "అన్ని పెట్టెలల్ల పెద్దోళ్ల సామాన్లే. సిపాయిది ఒక్క వస్తువు లేదు. తుపాకి గోలి తగిలిన నీళ్ల సీసా ఒకటి హన్మండ్లు ట్రంకుల పెట్టి పంపినమని వానితోటోడు చెప్పిండు. గది ఇస్తే గాజుపెట్టెల పెట్టి, కింద వాని పేరు, బాపు పేరు, ఊరు పేరు రాస్తం. వచ్చినోళ్లందరు చదువుతరు."

"పేరు పెద్దగ రాస్తరా?"

"పెద్దగనే రాస్తం."

లింగవ్వకు మోకాళ్ల నొప్పులు. లేవాలంటే ఇద్దరు పట్టాలి. ఆ రోజు నేను చెయ్యి అందించేలోపే ఇంట్లోకి పోయి వచ్చింది. ఇనుప సీసా, దాని మీద ఖాకీ ఉన్ని తొడుగు. సుబేదార్ దాన్ని రెండు చేతులతో అందుకుని తిప్పి తిప్పి చూశాడు. తొడుగు మీద ఒకచోట ఎర్ర దారంతో కుట్టు ఉంది. తొడుగు విప్పాడు. సీసా పక్కన నున్నగా, రూపాయి బిళ్లంత మాటు మెరుస్తోంది.

"బొక్కేదవ్వా?"

"మంచిగ చేయించిన బిడ్డా!" లింగవ్వ ముఖం వెలిగింది. "బోధన్ల కళాయి ఖాసింతోటి మాటేయించిన. చింతపండేసి తోమిన. ఒక్క సుక్క కారదు, సూడు." కడవలోంచి నీళ్లు నింపి, బిరడా బిగించి, ఆయన బూట్ల మీదే సీసాను బోర్లా పట్టింది. ఆ బూట్లలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. నిజంగానే ఒక్క చుక్క కారలేదు.

సుబేదార్ మీసాలు మొదటిసారి కొంచెం వాలాయి. "అవ్వా, బొక్క ఉండాలె గదా. గోలి దెబ్బ కనబడకపోతే కర్నల్ సాబ్ దాన్ని పెట్టనియ్యడు."

"ఓటి సీసా ఇంట్ల ఎవలన్న పెట్టుకుంటరా?"

నేను మధ్యలో దూరాను. "సుబేదార్ సాబ్, బొక్కదేముంది? సుత్తె, మేకు తెస్త. ఎన్ని కావాలె? ఒక్కటైతే పలచగ కనబడతది. నాలుగైదు పెడదాం, మీ పల్టన్‌కు ఇజ్జత్ ఉంటది."

"నోర్ముయ్ రా! దొంగ బొక్క చరిత్ర గాదు." ఆయన మాటు మీద బొటనవేలు రుద్దాడు. "కానీ గీ మాటు కింద అసలుది అట్లనే ఉన్నది. నిప్పుల మీద పెడితే మాటు ఊడొస్తది. గోలి చేసిన బొక్క గోలి చేసినట్లే ఉంటది. గది దొంగది గాదు."

లింగవ్వ సీసాను కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"పేరు రాస్తమన్నవు గదా," అంది. "నడువుండ్రి."

బోధన్ బజారులో ఖాసిం చిచ్చా కొలిమి ముందు ముగ్గురం నిలబడ్డాం. సంగతి విని చిచ్చా అంతెత్తున లేచాడు.

"నేనేసిన మాటు నేనే ఇప్పాల్నా? ముప్పై ఏండ్ల సంది చేస్తున్న, ఒక్క గిన్నె వాపస్ రాలె. రేపు బజార్ల నా ముఖం ఎట్ల సూపియ్యాలె?"

"సర్కార్ పని చిచ్చా," అన్నాను. "కాదంటే నిన్ను కూడ గాజుపెట్టెల పెడతరట."

చిచ్చా గొణుక్కుంటూ తిత్తి ఊదాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. సీసాను పటకారుతో పట్టి నిప్పుల మీదికి తెచ్చాడు.

"ఆగు," అంది లింగవ్వ. సుబేదార్ వైపు తిరిగింది. "బిడ్డా, గోలి తగిలినంక నీళ్లన్ని కారిపోయినయి గదా. అటెంక వానికి ఎవలన్న నీళ్లిచ్చిండ్రా?"

"నేనా రోజు ఆడ లేనవ్వా."

"మరి డైరీల ఏమున్నది?"

సుబేదార్ నిప్పుల వైపు చూస్తూ చెప్పాడు. "ఒక్కటే మాట ఉన్నది. నీళ్లు ఆలస్యంగ అందినయి అని."

తిత్తి ఆగింది. చిచ్చా అడక్కుండానే సీసాను పక్కకు తీశాడు. లింగవ్వ దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ నాడు ఓటిపోయింది. ఇగ పోవద్దనే మాటేయించిన. మల్ల నా చేతుల్తోటి ఓటి చెయ్యాల్నా?"

"మరి పేరు, అవ్వా?"

"పేరు కావాలె!" ఆమె గొంతు బజారంతా వినబడింది. "గా పేరు కోసమే ఈడిదాక నడిచొచ్చిన. నాకు వేరే ఏం కావాలె? కానీ దీన్ని మాత్రం ఇప్పనియ్య."

"మాటుతోనే ఇయ్యి. నేను కర్నల్ సాబ్ కాళ్లు మొక్కుత. ఒప్పుకోకపోతే వాపస్ తెచ్చిస్త."

"నువ్వు తెస్తవు. అంతల నీకు బదిలీ అయితే?"

"బదిలీ నా చేతుల లేదవ్వా," అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు.

"నువ్వు రాసేటోనివే గదా," అంది లింగవ్వ. "సీసా లేకుండ రాయి. నేను చెప్త."

"గాజుపెట్టె కింద పెట్టనియ్యరవ్వా. నా కాయితాలల్ల మాత్రం ఉంటది. ఎవలన్న చదువుతరో లేదో చెప్పలేను."

"ఉండనియ్యి."

సుబేదార్ చిచ్చా అరుగు మీద కూర్చుని కలం తీశాడు. లింగవ్వ చెప్తూ పోయింది. జొన్నరొట్టెలో బెల్లంపాకం అద్దుకోవడం, ఉరుముకు భయపడి వడ్లు పోసే గుమ్మిలో దాక్కోవడం, మొదటి జీతంతో తెచ్చిన చీర రంగు తల్లికి నచ్చలేదని మూతి ముడవడం. ఏ యుద్ధంలోనూ పనికిరాని సంగతులు. ఆయన ఒక్కటీ వదలకుండా రాశాడు. నిజామాబాదు బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. తల ఎత్తలేదు.

"భర్తీ నాటి ఎత్తు మా దగ్గరున్నది," అన్నాడు కాసేపటికి. "ఆఖరిసారి సెలవుల వచ్చినప్పుడు ఎంతుండె? పెరిగిండా?"

"పెరగకేం?" అని లింగవ్వ నా వైపు తిరిగింది. "పోషిగా, లేవురా. నీ పక్కకే నిలవడేటోడు గదా, సూపియ్యి."

వేరే రోజైతే తాటిచెట్టంత అని చెప్పి, పైన గద్ద గూడు కూడా కట్టిందని కలిపేవాణ్ని. లేచి చెయ్యి చెవి పక్కన పెట్టాను. కాదనిపించి కొంచెం పైకి జరిపాను. అప్పటికి నేనెంత ఉన్నాను? ఈ నాలుగేళ్లలో నేను కూడా పెరిగాను. మళ్లీ కిందికి దించాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"ఆడ్నే," అంది లింగవ్వ. "ఆడ్నే ఉండె. చెయ్యి దించకు."

ఆమె నా చేతి కింద, ఎవరూ లేని చోటును చూస్తోంది. సుబేదార్ రాయడం ఆపాడు. భుజం గుంజుతోంది. నేను చెయ్యి దించలేదు.