పూర్వపక్షం మాస్టారు

కాలేజీలో అందరూ ఆయన్ని లాటిన్ మాస్టారంటారు. మధ్యయుగపు క్రైస్తవ తత్వశాస్త్రం చెప్పీ చెప్పీ మధ్యవయసు దాటించేసిన మనిషి. జీతం మితం, విద్యార్థులు పరిమితం, మాటలు మాత్రం అపరిమితం. ఈ ఏడు ఆ కోర్సును ఉంచాలా, ఊడబెరకాలా అని కమిటీ వేశారు. వాదించుకోడానికి మూసెయ్యాలనే కెమిస్ట్రీ హెడ్డుకో పావుగంట, ఉంచాలనే మాస్టారికో పావుగంట.

"ముందు మన గొప్ప చెప్పుకోండి. మీ పద్ధతులు తర్వాత" అని పొద్దున భార్య చొక్కా గుండీ కుడుతూ బతిమాలింది.

"అలాగేలేవే" అన్నారు మాస్టారు. అన్నారంతే.

ఆయన చదివిన పాత పండితుల పద్ధతి వేరు. ఏది నిరూపించాలన్నా ముందు ఎదుటివాడి వాదనను వాడికన్నా గట్టిగా వినిపించాలి. ఆ పూర్వపక్షం ముగిశాకే సొంత జవాబు. ఏళ్ల తరబడి అలవాటైన నాలుక కమిటీ ముందూ అటే తిరిగింది.

"ఈ కోర్సు మూసెయ్యాలి" అని మొదలుపెట్టారు. చేరేవాళ్లు లేరన్నారు. చేరినా ఉద్యోగాలు లేవన్నారు. "పైగా దేవుణ్ణి నమ్మేవాడికి తర్కం అక్కర్లేదు, నమ్మనివాడికి తర్కం చాలదు. మరెవరి కోసం?" అని నిలదీశారు. అంతలో పావుగంట అయిపోయిందని ప్రిన్సిపల్ మేడమ్ గంట నొక్కింది.

మాస్టారికి అప్పుడు బోధపడింది తత్వం. పూర్వపక్షమే పూర్తిపక్షమైపోయింది.

"నా జవాబు మిగిలిపోయిందమ్మా."

"మూసెయ్యమన్నది మీరేగా?"

"అది వారి మాటండీ. వారి తరఫున నేనన్నాను."

కెమిస్ట్రీ హెడ్డు కళ్లజోడు తీశాడు. "నేను రాసుకొచ్చినవి రెండే మేడమ్. మూడోది నాకు తట్టనేలేదు. నా వంతంతా ఈయనే చెప్పేశారు, నా పావుగంట ఈయనకిచ్చెయ్యండి. జవాబేంటో విందాం."

మాస్టారు మంచినీళ్లు తాగి, నింపాదిగా ఒక్కోదానికీ బదులు చెప్పారు. చివరిదాని దగ్గర గొంతు తగ్గింది. "నమ్మేవాడూ నమ్మనివాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇద్దరికీ తెలిసిన భాష తర్కమొక్కటే. అది నేర్పడానికే ఈ కోర్సు."

"మీరేమంటారు?" అంది మేడమ్, హెడ్డు వైపు తిరిగి.

"ఒప్పుకోను" అన్నాడాయన. "కానీ ఉంచండి. ఒప్పుకోకుండా ఇంత హాయిగా మాట్లాడుకోడానికి ఈ కాలేజీలో నాకింకెవరున్నారు?"