మానేరు కట్ట మీద స్టాప్‌వాచ్

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. బ్యాటరీలు రాని కాలం దాన్ని. తల మీది బొత్తాన్ని తిప్పితే కీ ఎక్కుతుంది. దాన్నే ఒకసారి నొక్కితే కదులుతాను, రెండోసారి నొక్కితే ఆగుతాను, మూడోసారి నొక్కితే ముల్లు గిరుక్కున సున్నా దగ్గరికి వెళ్ళిపోతుంది. నాకు తెలిసిన విద్య ఇంతే. నన్ను చేతిలో పట్టుకుని మనుషులు టైము చూస్తున్నామంటారు గానీ, బయట పగలో రాత్రో కూడా నాకు తెలియదు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, నడుమ ఎంత పట్టింది, అదే నా లోకం.

బెంగుళూరు కార్ఖానాలో భూతద్దం కంటికి బిగించుకున్న ఒక నడివయసు ఆవిడ నా కడుపులో చీమ తలకాయంత మరలు కూర్చింది. అక్కణ్ణుంచి అట్టపెట్టెలో రైలెక్కి కరీంనగర్ దగ్గర ఒక సర్కారు హైస్కూలుకు చేరాను. ఆ బడికి నేను వచ్చాను గానీ ఆటల సారు రాలేదు. నాలుగేళ్ళు బీరువాలో సుద్దముక్కల డబ్బా పక్కన పడుకున్నాను. ఆ తర్వాత రాజలింగం సారు వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన బొటనవేలు కింద బతికాను. ఆయన రిటైరైన రోజున హెడ్మాస్టరు శాలువా కప్పి, ఇంకేం ఇవ్వాలో తోచక నన్ను ఆయన చేతిలో పెట్టాడు. ఆ శాలువా ఏమైందో నాకు తెలియదు. నన్ను మాత్రం ఆయన మర్నాడే జేబులో వేసుకుని మానేరు డ్యాం కట్ట మీదికి బయల్దేరాడు.

బడిలో పిల్లలు ఉరకమంటే ఉరికేవాళ్ళు. కట్ట మీద నేను చూసింది వేరే జాతిని. వీళ్ళను ఎవరూ ఉరకమనలేదు. గెలిస్తే ఇచ్చేది లేదు, ఓడితే అడిగేవాళ్ళు లేరు. అయినా కోడి కూసే వేళకు లేచి, హాయిగా పడుకున్న ఊరిని దాటుకుని వచ్చి, ఒళ్ళు నొప్పులు కోరి తెచ్చుకుంటారు. నిన్నటి కంటే మూడు సెకన్లు తగ్గితే పండగ చేసుకుంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత వాళ్ళ మీద గౌరవం పుట్టింది. ఆ గౌరవం పుట్టించిన మనిషి స్వరూప.

స్వరూపకు నలభై ఒక్క ఏళ్ళు. పెద్దపల్లి రూటులో బస్సు కండక్టరు. ఒకనాడు ఒక ముసలవ్వ దవఖాన కాయితాలు, ఎక్స్‌రే కవరు సీటు మీద మరిచి దిగిపోయిందట. బస్సు కదిలాక చూసిన స్వరూప ఆపించి, దిగి, కవరు పట్టుకుని వెనక్కి ఉరికింది. రెండు వందల గజాలు కూడా లేదు. అవ్వను అందుకునేసరికి కళ్ళు చీకట్లు కమ్మి రోడ్డు పక్కన కూలబడింది. ఆ అవ్వే తన సీసాలోని నీళ్ళు తాగించి, వీపు నిమిరి, దవఖానకు పోయేది నేనా నువ్వా బిడ్డా అని అడిగిందట. బస్సులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. స్వరూప కూడా నవ్వింది గానీ ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. ఆ వారంలోనే మగని పాత కాన్వాసు బూట్లు వేసుకుని కట్ట మీదికి వచ్చింది.

అప్పటికి కట్ట మీద సారు పరుగు నేర్పుతున్న శిష్యుడు ఒక్కడే, ఖాజాభాయ్. యాభై ఏళ్ళ మనిషి, టైర్ల పంక్చర్ దుకాణం. బాణంలా బయల్దేరి, మూడో కిలోమీటరుకల్లా గాలిపోయిన ట్యూబులా మారడం ఆయన పద్ధతి. సారు ఎంత చెప్పినా మొదట్లో ఊపు ఆయన చేతిలో ఉండేది కాదు. స్వరూప అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేది.

సారు ఆమెతో మొదటి రోజు చేయించింది రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. అట్లా పదిసార్లు. అంత మెల్లగా ఉరికితే నడిచేవాళ్ళు దాటిపోతున్నారని ఆమె సిగ్గుపడింది. పక్కమనిషితో మాట్లాడలేనంత వేగంగా ఉరికితే అది ఇప్పటికి నీ వేగం కాదని సారు చెప్పాడు. రెండు నిమిషాలు మూడయ్యాయి, మూడు అయిదయ్యాయి. తొమ్మిదో వారంలో ఆగకుండా అయిదు కిలోమీటర్లు ఉరికింది. ఆ తర్వాత ఆదివారం దూరం, బుధవారం వేగం. ఆదివారాలు కట్ట మీద వారానికి ఒక్క కిలోమీటరు మాత్రమే పెంచేవాడు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించేవాడు. బుధవారాలు స్టేడియంలో నాలుగు వందల మీటర్ల రౌండ్లు ఆరు, రౌండుకూ రౌండుకూ నడుమ రెండు నిమిషాల విశ్రాంతి. మొదటి బుధవారం ఆమె రౌండు మూడు నిమిషాల అయిదు సెకన్లు. నాలుగు నెలలకు రెండు నిమిషాల ముప్పై ఎనిమిది.

ఇది వినడానికి తేలిగ్గా ఉంది. తెల్లవారి ఆరింటికి డిపోలో ఉండాల్సిన మనిషి నాలుగున్నరకే కట్ట మీద ఉండాలి. తర్వాత రోజంతా కదిలే బస్సులో నిలబడాలి. నడుమ ఒకసారి ఆశ ఎక్కువై, సారుకు చెప్పకుండా సెలవు రోజు కూడా పది కిలోమీటర్లు ఉరికింది. మోకాలి కింద ముందు ఎముక పట్టేసింది. ఆమె చెప్పలేదు గానీ బుధవారం రౌండు ఎనిమిది సెకన్లు పెరిగిన సంగతి నేను చెప్పాను. సారు నన్నూ ఆమె కాలినీ మార్చి మార్చి చూసి, పన్నెండు రోజులు పరుగు మాన్పించాడు. ఆ పన్నెండు రోజులూ ఆమె కట్ట మీదికి వచ్చి, ఉరికేవాళ్ళను చూస్తూ కూర్చుని వెళ్ళేది. పరుగెత్తడం కంటే కూర్చోవడమే కష్టమని అప్పుడు తెలిసింది.

చలికాలంలో వరంగల్‌లో హాఫ్ మారథాన్ ఉందని ఖాజాభాయ్ ఫోనులో చూసి చెప్పాడు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. టైము దాటితే వెనక వచ్చే వ్యాను ఎక్కించేస్తారట. సారు ఒక షరతు పెట్టాడు. పది కిలోమీటర్లు డెబ్బై నిమిషాల్లో ఉరికినవాళ్ళ పేరే పంపుతానన్నాడు. ఖాజాభాయ్ ఆ వారంలోనే అరవై నాలుగులో ముగించి, మేనకోడలి పెళ్ళికి నిజామాబాద్ వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం స్వరూప వంతు.

ఆనాడు కట్ట మీద గాలి బాగా ఉంది. సారు నన్ను నొక్కాడు, ఆమె వెళ్ళింది. నాకొక్కదానికే తెలిసిన సంగతి ఇక్కడ చెప్పాలి. సారు కుడిచెయ్యి అప్పటికి ఏడాదిగా వణుకుతోంది. ఎవరికీ తెలియనివ్వలేదు. చేతిని జేబులో పెట్టుకునే నిలబడేవాడు, టీ గ్లాసు సగమే పోయించుకునేవాడు. ఆ రోజు ఇరవై రెండు నిమిషాల దగ్గర వణికిన బొటనవేలు నా బొత్తాం మీద పడింది. నేను ఆగిపోయాను. గాలిలో నా చప్పుడు ఆగిన సంగతి ఆయనకు వినపడలేదు.

స్వరూప వచ్చి గీత దాటింది. సారు నన్ను నొక్కాడు. ముల్లు సున్నాకు వెళ్ళింది. ఆయన నన్ను చూశాడు. చెమట కారుతున్న ముఖంతో ఆమె ఆయన్ను చూస్తోంది. నా వయసులో అంత పొడుగు క్షణం ఇంకొకటి లేదు. అరవై తొమ్మిది నలభై అని చెప్పి, సారు నన్ను జేబులో వేసుకున్నాడు. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నిజంగా ఆమె ఎంతలో వచ్చిందో సారుకు తెలియదు, ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పిల్లవాడి టైము కూడా తప్పు చెప్పని మనిషి ఆ తర్వాత రెండు రోజులూ నన్ను బయటికి తీయలేదు. మంగళవారం పొద్దున చొక్కా వేసుకుని, నన్ను జేబులో పెట్టుకుని, బస్టాండుకు వెళ్ళి స్వరూప బస్సెక్కాడు. ఏం పని మీద పోతున్నారని ఆమె అడిగింది. సుల్తానాబాద్‌కు టికెట్ ఇమ్మన్నాడు. సుల్తానాబాద్ వచ్చింది, ఆయన దిగలేదు. పెద్దపల్లికి ఇంకో టికెట్ ఇమ్మన్నాడు. జనం పలచబడ్డాక ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"బిడ్డా, ఆదివారం నేను చెప్పిన టైము అబద్ధం," అన్నాడు సారు. "చెయ్యి వణికి నడుమల బొత్తాం పడ్డది. నువ్వచ్చి నిలబడ్డప్పుడు గడియారంల సున్న ఉన్నది. నీ ముఖం జూసి నోటికొచ్చింది చెప్పిన."

బస్సు ఆగింది. ఏడుగురు ఎక్కారు. ఆమె లేచి ఏడుగురికీ టికెట్లు కొట్టింది. చిల్లర లేదని ఒకతను గొణిగితే అతనికి సమాధానం చెప్పింది. చివరికి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"చెయ్యి ఎన్నొద్దుల సంది వణుకుతాంది సార్?"

పోయిన దసరా నుంచి అని ఆయన ఒప్పుకున్నాడు. డాక్టరుకు చూపించుకున్నారా అంటే తల అడ్డంగా ఊపాడు. రేపు తనకు ఆఫ్ అనీ, పొద్దున్నే తయారుగా ఉండమనీ చెప్పింది. పెద్దపల్లిలో ఆయన దిగుతుంటే మాత్రం ఇంకొక మాట అంది. "ఆదివారం మల్ల ఉరుకుత సార్. గడియారం నా చేతికియ్యిండ్రి."

ఇన్నేళ్ళుగా నాకు పరుగు మొదలు తెలుసు, చివర తెలుసు. నడుమ ఏం జరుగుతుందో తెలియదు. ఆ ఆదివారం స్వరూప పిడికిట్లో ఉండి మొదటిసారి తెలుసుకున్నాను. మొదటి రెండు కిలోమీటర్లలో కాళ్ళు తొందరపడతాయి, మనసు పగ్గం పట్టి లాగుతుంది. నాలుగు, అయిదులో ఏమీ ఉండదు, ఊపిరీ అడుగుల చప్పుడూ తప్ప. ఏడో కిలోమీటరులో మనిషికి ఆగిపోవాలని వెయ్యి కారణాలు దొరుకుతాయి. అవన్నీ మంచి కారణాలే. అప్పుడు స్వరూప తన రూటులోని స్టేజీల పేర్లు ఒక్కొక్కటే నోట్లో చదువుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకు నాలుగు అడుగులు. పెద్దపల్లి దాకా వెళ్ళి, మళ్ళీ కరీంనగర్ వచ్చి, మళ్ళీ బయల్దేరింది. చెమటకు నా అద్దం మసకేసింది. ఒక్కసారి కూడా ఆమె నన్ను చూడలేదు.

గీత దాటి తనే నొక్కింది. కొంగుతో నన్ను తుడిచి చూసి, సారు అడగకముందే చెప్పింది.

"డెబ్బై ఒకటి అయిదు, సార్."

ఒక్క నిమిషమే కదా, షరతు పెట్టింది నేనే, నేనే తీసేస్తాను, పేరు పంపిస్తానన్నాడు సారు. ఆమె కట్ట రాయి మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది.

"ఆ ఒక్క నిమిషం కోసమే గద సార్, ఏడు నెలల సంది ఉరుకుతున్న," అంది.

ఆమె ఏడవలేదు. డ్యూటీకి టైమవుతోందని లేచి వెళ్ళిపోయింది. సారు మాత్రం చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. నీళ్ళ మీద కొంగలు లేచి వెళ్ళాక ఇంటికి నడిచాడు.

ఆ ఏడాది వరంగల్‌లో ఆమె పది కిలోమీటర్ల పరుగులోనే పాల్గొంది. అరవై ఎనిమిది నిమిషాలు చిల్లర. ఖాజాభాయ్ హాఫ్ మారథాన్‌లో బాణంలా బయల్దేరి, పద్నాలుగో కిలోమీటరు నుంచి ఊళ్ళు చూస్తూ నడిచొచ్చాడు. వచ్చే ఏడు నీ వెనకనే ఉరుకుతా చెల్లె అని స్వరూపకు మాటిచ్చాడు. సారుది నరాల జబ్బని డాక్టరు తేల్చి మందులు రాశాడు. వణుకు కొంత తగ్గింది గానీ పోలేదు. బుధవారాలు నన్ను నొక్కే పని స్వరూప, ఖాజాభాయ్ పంచుకున్నారు. ఎవరి రౌండు ఎంతో వింటూ, ఎవరి భుజాలు బిగుసుకున్నాయో చూస్తూ, సారు కుర్చీలో కూర్చునేవాడు. ఆయన చూపులో వణుకు లేదు.

ఇంకో ఏడాది గడిచింది. ఆదివారాల దూరం పన్నెండయింది, పదిహేనయింది, వానల్లో తగ్గి, దసరా తర్వాత పద్దెనిమిదయింది. కొత్తగా ఇద్దరు కండక్టర్లు ఆమె వెంట వచ్చి, రెండు నిమిషాల పరుగు దగ్గర మొదలుపెట్టారు.

ఇప్పుడు నా స్ప్రింగు తెగిపోయింది. దానికి విడిభాగం దొరకదని గడియారాలు బాగుచేసే ముసలాయన చెప్పేశాడు. సారు ఇంట్లో కిటికీ గూట్లో, మందుల డబ్బా పక్కన ఉంటున్నాను. నాకు లోటేమీ లేదు. అయితే ఆఖరిసారి నడిచిన రోజు గురించి చెప్పకుండా ముగించలేను.

అది వరంగల్, చలికాలం, మళ్ళీ అదే హాఫ్ మారథాన్. ఉరికేవాళ్ళందరి ఛాతీకి నంబరు, బూటుకు చిప్పు. ఎవరు ఎంతలో వచ్చారో యంత్రమే చెప్పేస్తుంది, నా అవసరం ఎవరికీ లేదు. అయినా సారు నన్ను తెచ్చుకున్నాడు. తుపాకీ పేలగానే రెండు చేతులతో పట్టుకుని, రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. తర్వాత నన్ను గుండెకు ఆనించుకుని, ముగింపు గీత దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. కుర్రాళ్ళు వచ్చేశారు. రెండు గంటల ముప్పై నిమిషాల దగ్గర సారు మునివేళ్ళ మీద లేవడం మొదలుపెట్టాడు.

ముందు ఖాజాభాయ్ టోపీ కనిపించింది. దానికి పది అడుగుల ముందు స్వరూప. మాట ప్రకారం ఆయన వెనకే ఉన్నాడు, దాటాలన్నా దాటలేక. ఆమె ముఖం ఉప్పు కట్టి తెల్లగా ఉంది. పెదాలు కదులుతున్నాయి. గీత దాటి, నాలుగడుగులు తూలి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగింది. ఆ తర్వాత తల ఎత్తి, జనంలో సారును వెతుక్కుంది.

సారు చప్పట్లు కొడుతున్నాడు. నన్ను ఎప్పుడు జేబులో వేసుకున్నాడో ఆయనకే తెలియదు. వణికే చేతులు ఒకదానికొకటి సరిగ్గా తగలడం లేదు, సగం చప్పట్లకు చప్పుడే రావడం లేదు, ఆయన ఆపడం లేదు.

ఆమె వచ్చి, టైము ఎంతని అడగలేదు. "పొద్దుటి గోళీ ఏసుకున్నరా సార్?" అని అడిగింది. ఆయన మరిచిపోయాడు. ముగ్గురూ టిఫిన్ బండి కోసం వెతుక్కుంటూ బయల్దేరారు. నన్ను ఎవరూ ఆపలేదు. వాళ్ళు ఇడ్లీలు తింటున్నప్పుడూ, బస్సులో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నప్పుడూ, హుజూరాబాద్ దాటేదాకా సారు జేబులో నేను నడుస్తూనే ఉన్నాను.