సన్నం, లావు

మా అత్తగారు ఫూమా అరవై ఏళ్లుగా పదిమందిలో నోరెత్తి పాడలేదు. అందుకు కారణం ఆవిడకి సంగీతం మాస్టారైన మా నాన్నే. ఆవిడ చిన్నప్పుడు బడిలో ఆయన పియానో మెట్టు నొక్కి, "నీది అపస్వరం, వెళ్లి వెనక కూర్చో" అన్నాడట. చివరికి ఆవిడ ఇంటికే నేను కోడలిగా వచ్చాను. నా ఖర్మ!

జాగ్రెబ్ నగరం నుంచి వచ్చిన దున్యా అనే పరిశోధకురాలు ఆ మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుంది. మా ఇస్ట్రియా ప్రాంతపు పాటల మీద ఆమె రాసిన పుస్తకం అచ్చుకు వెళ్తోంది. అత్తగారూ, ఆవిడ అక్కా చిన్నతనంలో పాడిన టేపు ఒకటి ఆమెకు దొరికింది. ఆ పాటను పుస్తకంలో ఏమని పిలవాలో ఆ రోజు తేలిపోవాలి. నేను బల్ల మీద పిండి పిసుకుతున్నానన్న మాటే గానీ, చెవులు రెండూ అటే ఉన్నాయి.

"ముందు ఇది చెప్పమ్మా. అప్పట్లో ఆ టేపు రికార్డు చేసిన పెద్దమనిషి ఏం రాశాడు?" అంది అత్తగారు.

దున్యా దాచలేదు. "శ్రుతి తప్పింది అని రాశారండి."

"విన్నావుటే? మీ నాన్నకి తోడు దొరికాడు!"

నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆగండి," అంది దున్యా. "ఈ చుట్టుపక్కల ఊళ్లవి నలభై టేపులు కొలిచాను. తప్పయితే ఒక్కొక్కరూ ఒక్కో చోట తప్పాలి. ఇక్కడ అందరూ ఒకే చోట, అంతే కిందికి దిగుతున్నారు. తప్పు మీ పాటలో లేదండీ. పియానోలో ఆ స్వరమే లేదు."

అబ్బ, ఎంత మాటంది! చదువుకున్నవాళ్లంటే మా నాన్నలాగే ఉంటారనుకున్నాను. నలభై టేపులు ఓపిగ్గా విని ఒక ముసలావిడ పరువు నిలబెట్టే చదువు కూడా ఉందని నాకప్పుడే తెలిసింది.

"మరి పేరేం పెట్టావు?"

"సంకుచిత స్వరాంతర ద్విగళ గానం."

"అదేం రోగం తల్లీ!" అత్తగారు పగలబడి నవ్వింది. "పై గొంతు సన్నం, కింది గొంతు లావు. మేమనేది అంతే. ఇంత లావు మనిషిని, నేను పాడేది సన్నం!"

దున్యా కూడా నవ్వేసి, తన పెద్ద పేరు కొట్టేసి, దాని మీద 'సన్నం-లావు' అని రాసుకుంది. "ఒక్కసారి వినిపించరూ?" అని అడిగింది.

లావు పట్టే అక్కగారు పోయి పదేళ్లయింది. అత్తగారు నా వైపు తిరిగింది.

"లావు నువ్వు పట్టు."

"నేనా? నాది పియానో గొంతు అత్తయ్యా!"

"తెలుసులేవే. పట్టు."

నా గొంతు పియానో స్వరం మీదికే పోయింది. అత్తగారు పాడుతూనే, పిండి అంటిన నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. ఇంకొంచెం లాగింది. పాట ముగిసే చోట ఇద్దరం ఒకే స్వరం మీద కలిశాం. నాకు ఏడుపొచ్చేసింది.

అత్తగారు నా చెయ్యి వదల్లేదు.

"అపస్వరం లేదే పిల్లా," అంది. "రా, వచ్చి ముందు కూర్చో."