ముల్లు చూడని తూకం

విమానం ఎక్కే ముందు మనిషిని కాటా మీద నిలబెడతారని మీకు తెలుసా? పెద్ద ఊళ్ళ సంగతి నాకు తెలియదు. మా జంషెడ్‌పూర్‌లో మాత్రం ఎనభై మూడులో అదే పద్ధతి. రేకుల కప్పు కింద ఒక బల్ల, పక్కన బియ్యం బస్తాలు తూచే కాటా లాంటిదే ఒకటి, అవతల పదిహేను సీట్ల విమానం. ముందు సామాను తూస్తారు, తర్వాత మనిషిని. మొత్తం బరువు ఎక్కువైతే, పదిహేను కిలోలు దాటిన సామాను ఎవరిదైనా సరే దించేస్తారు. అందరి సామానూ సరిగ్గానే ఉంటే, ఆఖరి టికెట్ కొన్నవాడిని దించేస్తారు.

ఇదంతా నాకు ముందే విడమరచి చెప్పినవాడు కూర్మారావు. అక్కడ బరువులు చూసి కాగితం మీద రాసేది వాడే.

వాడిదీ నాదీ శ్రీకాకుళం జిల్లాలో ఒకే ఊరు. ఒకే రైల్లో ఈ ఊరొచ్చాం. సిద్ధగోరాలో ఒకే గదిలో నాలుగేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం. చుట్టరికం లేదు కానీ పిలుపు మాత్రం బావా అంటే బావా. నేను కార్ఖానా గేటు దగ్గర లారీలు తూచే గుమస్తాని. వాడికి తూకం పని నేర్పిందీ నేనే. మా తెలుగువాళ్ళలో ఒక మర్యాద ఉంది. తూచేవాడు మనవాడైతే కాటా ముల్లు వైపు చూడం, అటు తిరిగి నిలబడతాం. చూశామంటే వాడిని దొంగ అన్నట్టే.

ఆ మార్చిలో కలకత్తా నుంచి ఫోనొచ్చింది. మా అక్క సన్యాసమ్మకి గుండె ఆపరేషను, మర్నాడు మధ్యాహ్నం. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. "తమ్ముడి మొకం సూసినాకే ఆపరేషనుకి నోనికెల్తాను" అని ఆసుపత్రిలో అందరితోనూ చెబుతోందట. చూస్తే రైళ్ళు సమ్మెలో ఉన్నాయి. పరుగెత్తుకెళ్తే విమానంలో ఆఖరి టికెట్ నాకు దొరికింది. ఆ సాయంత్రం కూర్మారావు మా ఇంటికొచ్చి ధైర్యం చెప్పాడు.

"నువ్వు యాభై నాలుగు కిలోలోడివి. నిన్నెవుడు దింపుతాడు బావా? పెట్టె తేకు, గుడ్డసంచి సాలు. కాటా కాడ నేనుంతాను గదా, నీకేటి బయం?"

మా ఆవిడ పోలమ్మ సంతోషంతో వాడికి రెండోసారి టీ ఇచ్చింది.

పొద్దున్నే వెళ్ళాను. సంచిలో ఒక పంచె, తువ్వాలు, అంతే. నా ముందు దొరలాంటి సాహెబు ఒకడు ఉన్నాడు. రెండు పెట్టెలు, గోల్ఫ్ కర్రల సంచి ఒకటి. కూర్మారావు వాటిని పసిపిల్లల్ని దించినట్టు కాటా మీద పెట్టాడు. తర్వాత నన్ను ఎక్కమన్నాడు. నేను ముల్లుకి వీపు పెట్టి, విమానం వైపు చూస్తూ నిలబడ్డాను. అక్క దగ్గరికి వెళ్ళిపోయినట్టే అనిపించింది.

"అయిపోయింది. దిగు బావా."

కాసేపటికి ఆఫీసరు కాగితం పట్టుకొచ్చాడు. బరువు పది కిలోలు ఎక్కువైంది, సామాన్లన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆఖరి టికెట్ ఎవరిది అని హిందీలో అడిగాడు. "తవిటయ్య కౌన్ హై?"

పొరపాటేదో జరిగిందని నవ్వుతూ కాగితంలోకి తొంగిచూశాను. నా పేరెదురుగా డెబ్భై ఒకటి అని ఉంది. సాహెబు సామాను ఎదురుగా పదిహేను. ఇరవై ఏళ్ళుగా తూకం మీద బతుకుతున్నవాణ్ణి, ఆ సామాను ముప్పై రెండుకి తగ్గదని కంటితో చెప్పగలను. మిగిలిన పదిహేడు కిలోలూ నా ఒంటి మీద రాశాడు మా బావ!

నేను మళ్ళీ కాటా ఎక్కాను. ఈసారి ముల్లు చూశాను. యాభై నాలుగు. "దేఖియే సాబ్" అని అరిచాను. ఆఫీసరు టైము లేదంటూ వెళ్ళిపోయాడు. కూర్మారావు కింద కూర్చుని, సామానుకి కట్టిన తాడే మళ్ళీ కడుతున్నాడు.

"బావా, నా బరువెంతో ఆ ఆఫీసరికి సెప్పు. నీ నోటితో సెప్పు."

వాడు తలెత్తలేదు. "రేపు కూడా ఇమానం ఉంది బావా."

రేపట! అక్క ఆపరేషను ఎప్పుడో వాడికి తెలుసు. మా ఇంట్లో కూర్చుని, మా టీ తాగుతూ విన్నాడు. నా కళ్ళ ముందే గోల్ఫ్ కర్రలు విమానం ఎక్కాయి. నేను కంచె ఇవతల సంచి పట్టుకుని ఏడ్చాను.

లారీలు మారి మారి మర్నాడు కలకత్తా చేరాను. అక్క ఆపరేషను బల్ల మీదే పోయింది. మేనకోడలు రత్నం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. "మా దర్వాజా హీ దేఖ్ రహీ థీ, మామా" అంది. గుమ్మం కేసే చూస్తూ లోపలికి వెళ్ళిందట మా అక్క.

దినం అయ్యాక కూర్మారావు వచ్చాడు. "ఆ సాయేబు మా ఆఫీసరికి దోస్తు బావా. నన్నింకా పర్మినెంటు సెయ్యనేదు. ఏటి సేత్తాను? నువ్వెల్లినా అక్క బతికేదా?"

బతికేది కాదేమో. ఆ మాట నేను అనుకోవచ్చు, వాడు అనకూడదు. పోలమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

వానలు వెళ్ళాక ఒకరోజు మా గేటుకి వాడే వచ్చాడు. పర్మినెంటు అయిందట, గోవింద్‌పూర్‌లో ఇల్లు కడుతున్నాడట. పునాదిలో పోయడానికి కార్ఖానా నుంచి ట్రాక్టరుడు స్లాగు, అదే ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం, కొన్నాడు. బండి కాటా ఎక్కింది. వాడు అలవాటుగా ముల్లుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ముల్లు సూడండి" అన్నాను.

"ఎవుల్ని బావా, అండి అంతన్నావు?"

"మిమ్మల్నే, కూర్మారావు గారూ. ఇటు తిరిగి ముల్లు సూసుకోండి."

వాడి మొహం నల్లబడింది. మెల్లగా తిరిగి ముల్లు చూశాడు. నేను ఉన్నదున్నట్టు రాసి, చీటీ వాడి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాను.