తడి ఆరకముందే

చెల్లెలు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వింటే అక్కకి నవ్వొచ్చేది. "ఒసేయ్, ఆ చేతుల్ని ఉతికి దండెం మీద ఆరేస్తావా ఏం?" అని మంచం మీద నుంచే కేకేసేది. కేక అంటే పేరుకే కేక. ఆ నాలుగు ముక్కలకే ఆయాసం ముంచుకొచ్చి కళ్ళు మూసుకునేది.

అక్కకి రక్తంలో జబ్బు. ఆసుపత్రిలో ఎక్కించిన మందులు జబ్బును వదిలేసి, ఒంట్లో మిగిలిన కాస్త సత్తువనీ ఊడ్చుకుపోయాయి. ఇంక చేయగలిగింది లేదని, నెలో నెలన్నరో ఇంట్లోనే పెట్టుకుని చూసుకోమని డాక్టరు చెప్పాడు. "చిన్న క్రిమిని కూడా ఆవిడ తట్టుకోలేదు. ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కోండి," అన్నాడు. మిగతా మాటలన్నీ ఎక్కడ మరిచిపోయిందో గానీ, ఈ ఒక్క మాటని మాత్రం చెల్లెలు కొంగున ముడేసుకుంది.

పదకొండేళ్ళుగా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. చెల్లెలి భర్త పోయిన నెలకే అక్క వచ్చి, దగ్గరుండి పెట్టె సర్దించి, తనతో తీసుకొచ్చేసింది. మేడ మీద వాటాలో అక్క కూతురు ఉంటుంది. ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్ళొస్తుంది కాబట్టి ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, గ్లాసు నోటికి అందించడం అన్నీ చెల్లెలివే. పనిమనిషిని పెడదామంటే ఆమే ఒప్పుకోలేదు. ఉన్నన్నాళ్ళు అక్క తన చేతుల్లోనే ఉండాలి. అంతకు మించి ఆమె ఏదీ కోరుకోలేదు.

ఆమెది రఫ్ఫు పని. పట్టుబట్ట చిరిగితే పోగు పోగూ పట్టి, చిరుగు కనబడకుండా అల్లడం. ముప్పై ఏళ్ళుగా డ్రైక్లీనింగ్ షాపులో కిటికీ పక్క కుర్చీ ఆమెదే. ఆ పనికి జిడ్డును మించిన శత్రువు లేదు. వేలికున్న నూనె ఇసుమంత తగిలినా పట్టు మీద మరక ఇక పోదు. అందుకని షాపులో ఏం తిన్నా చెంచాతోనే తినేది. చలికాలంలో అందరూ చేతులకి ఏదో ఒకటి పులుముకుంటుంటే ఆమె మాత్రం దాని జోలికి పోలేదు. జిడ్డంటే మురికి, గరగరలాడితేనే శుభ్రం. ఆ నమ్మకం ఆమె ఎముకల్లో ఇంకిపోయింది.

అక్క కోసం షాపు మానేసింది గానీ నమ్మకం మానలేదు. సలసల కాగిన నీళ్ళు, బట్టల సబ్బు, ముతక తువ్వాలు. రోజుకి నలభైసార్లు. మొదటి వారం చర్మం తెల్లగా పొట్టు లేచింది. రెండో వారం కణుపుల మీద బీటలు పడ్డాయి. మూడో వారం బొటనవేలి పక్కన చీలి నెత్తురు చిమ్మింది. మండుతోందంటే సబ్బు బాగా పనిచేస్తోందనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దింది.

"నీ చెయ్యి తగిలితే ముళ్ళకంపతో తోమినట్టుందే," అంది అక్క, వీపు తుడిపించుకుంటూ.

"నొప్పి పుట్టిందా అక్కా?"

"నాకు కాదు మొద్దూ, నీకు."

వారానికి రెండుసార్లు వచ్చే నర్సు కంట్లో ఆ చేతులు పడనే పడ్డాయి. చెల్లెలు వెనక్కి దాచుకోబోయింది. నర్సు లాగి వెలుతురులో పెట్టి చూసింది.

"మీరు క్రిముల్ని కడగడం లేదు పిన్నిగారూ, తోలు వలుస్తున్నారు. ఇదిగో, ఈ బీటల్లో చేరిన క్రిములు ఎంత కడిగినా పోవు. ఇవి మానేదాకా పెద్దావిణ్ణి మీరు ముట్టుకోవద్దు."

"ఎన్నాళ్ళమ్మా?"

"పది రోజులు. జాగ్రత్తగా ఉంటే ఓ రోజు ముందు."

డాక్టరు చెప్పిన గడువులో మూడు వారాలు అప్పటికే కరిగిపోయాయి. చెల్లెలు గోడకి ఆనుకుంది.

నర్సు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు. వాసన లేని మెత్తటి సబ్బు వాడాలి. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దుకోవాలి. వేళ్ళ మీద ఇంకా కాస్త తడి ఉండగానే వాజలైన్ రాయాలి. తడి ఆరిపోయాక రాస్తే సగం దండగ. పడుకునేప్పుడు మందంగా పట్టించి నూలు గ్లౌజులు తొడుక్కోవాలి.

"జిడ్డు చేతుల్తో మనిషినెలా ముట్టుకుంటారమ్మా?"

"మనిషేం పట్టుబట్ట కాదుగా పిన్నిగారూ," అంది నర్సు.

అక్క కూతురు సెలవు పెట్టింది. చెల్లెలు గ్లౌజులు తొడుక్కుని గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. మంచానికీ కుర్చీకీ మధ్య నాలుగడుగులు. అక్కణ్ణుంచే అజమాయిషీ. "మెల్లిగా... ఎడమవైపు తిప్పు, కుడిభుజం నొప్పి అమ్మకి... చెవి వెనక తుడవలేదు చూడు."

"పిన్నీ, నువ్వలా చెబుతుంటే నాకు చేతులు తడబడుతున్నాయి!"

"చెప్పనీవే," అంది అక్క. "చేతులు కట్టేశారు. దానికి నోరైనా ఆడాలిగా."

నాలుగో రోజు అక్కకి జ్వరం వచ్చింది. చెల్లెలు నర్సుకి ఫోన్ చేసి, నా బీటల్లోంచే వచ్చిందా అని అడిగింది. "చెప్పలేం పిన్నిగారూ. ఈ జబ్బులో జ్వరం దానంతటదే కూడా వస్తుంది," అంది నర్సు. కాదని అని ఉంటే బాగుండేది. ఆ "చెప్పలేం" చెల్లెల్ని వదల్లేదు.

మధ్యాహ్నం అక్క కళ్ళు తెరిచేదాకా ఆగి, గుమ్మంలోంచే చెప్పేసింది. "అక్కా, నేనే తెచ్చానేమో."

"ఏమిటీ?"

"జ్వరం. నా చేతులే తెచ్చిపెట్టాయేమో."

అక్క తల ఇటు తిప్పింది. "చిన్నప్పుడు నాకు తట్టు అంటించావు. కళ్ళకలక అంటించావు. గజ్జి కూడా నీ పుణ్యమే. ఎప్పుడైనా నిన్ను నా పక్కలోంచి లేచిపొమ్మన్నానా?"

చెల్లెలికి ఏడుపాగలేదు. గ్లౌజుల నిండా వాజలైన్. కళ్ళు మోచేత్తో తుడుచుకోవాల్సి వచ్చింది. అది చూసి అక్క నవ్వబోయింది గానీ దగ్గు వచ్చింది. కూతురు వచ్చి లేపి కూర్చోబెట్టింది. చెల్లెలు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుంది.

తొమ్మిదో రోజు నర్సు వచ్చి ఒక్కొక్క కణుపూ నొక్కి చూసింది. "మానాయి. వెళ్ళండి," అంది.

అప్పటికి అక్క సగం నిద్రలోనే ఉంటోంది. చెల్లెలు గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుంది. అద్దుకుంది. రాసుకుంది. వాజలైన్ ఇంకేదాకా చేతులు గాలిలో పెట్టుకుని నిలబడి, ఆ తర్వాత వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఎవరూ?" అంది అక్క కళ్ళు తెరవకుండానే.

"నేనే అక్కా."

అక్క ఆ చెయ్యి పట్టుకుని వేలు వేలూ తడిమింది. బొటనవేలి పక్కన ఆగింది. "అబ్బో, ఎవరి చేతులు అరువు తెచ్చుకున్నావే?" అని, విడిచిపెట్టకుండానే మళ్ళీ నిద్రలోకి జారిపోయింది.

మూడు రోజులు దక్కాయి. ఆ మూడు రోజులూ వీపు తుడిచింది, పెదాలు తడిపింది, పలచబడ్డ జుట్టు వేళ్ళతో సర్దింది. వేళ్ళు ఎక్కడా గీసుకోలేదు. జ్వరం సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున్న, కిటికీ తెర తీసి వెనక్కి తిరిగేసరికి అక్క ఊపిరి ఆగిపోయి ఉంది.

కూతురు పరుగున దిగి వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. కాసేపటికి తలెత్తి చూస్తే చెల్లెలు కుళాయి వైపు నడుస్తోంది.

"ఇంక కడుక్కోనక్కర్లేదు పిన్నీ," అంది మెల్లిగా.

"తెలుసమ్మా."

తెలిసీ, కుళాయి తిప్పింది. నీళ్ళ వేడి మణికట్టు మీద చూసుకుంది. కడుక్కుని, ఒక్కో వేలూ అద్దుకుని, తడి ఆరకముందే రాసుకుంది. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. చెల్లెలు వచ్చి మంచం అంచున కూర్చుని అక్క ముఖం తుడవడం మొదలుపెట్టింది. నుదురు, రెప్పలు, చెవి వెనక. ఎక్కడా తొందరపడలేదు.